పట్టిక కింది చిన్నక్షరాలు

172.8. కెమెరా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్రాడి చెవిన మొదటి వారంలోనే పడే అంకె ఇది. కెమెరా బాడీ ఆన్ చెయ్యగానే షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు వెలుతురు అందాలో తేల్చేది, 172.8 డిగ్రీల మీద ఉందో లేదో చూడాలి. ఎందుకన్నా అంటే "ఫ్లికర్ రాకుండా" అంటారు. ఫ్లికర్ ఎందుకొస్తుందన్నా అంటే "కరెంటు వల్లరా" అంటారు. అదెలాగన్నా అనే మూడో ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబు, "ముందు పోయి ఆ లెన్స్ కేసు మూసి రాపో" అని.

ఆ మూడో ప్రశ్నకు జవాబు బ్రహ్మవిద్యేం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటైనా, పాత చోక్ మీద నడిచే హెచ్‌ఎంఐ అనే పెద్ద సినిమా లైటైనా ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు వెలిగి తగ్గుతుంది. అంటే సెకనుకు 100 మెరుపులు. కెమెరా తీసేది సెకనుకు 24 ఫ్రేములు. వందని 24తో భాగిస్తే శేషం నాలుగు. తెర మీద సెకనుకు నాలుగుసార్లు కొట్టుకునే వెలుగు ఆ శేషమే. ఫ్రేము మొత్తం కాలం 360 డిగ్రీలు. షట్టర్ 180 డిగ్రీల్లో ఉంటే, అంటే అందులో సగం, ఒక్కో ఫ్రేముకు సెకనులో 48వ వంతు సేపు వెలుతురు అందుతుంది. ఆ కాసేపట్లో రెండు మెరుపులూ, మూడోదాంట్లో చిన్న ముక్కా పడతాయి. ఆ ముక్క ఒక ఫ్రేములో వెలుగు వైపు పడితే ఇంకో ఫ్రేములో చీకటి వైపు పడుతుంది. షట్టర్‌ని 172.8కి తగ్గించారనుకోండి, వ్యవధి సరిగ్గా సెకనులో 50వ వంతవుతుంది. రెండంటే రెండే మెరుపులు, ముక్క లేదు. ఎక్కడ మొదలుపెట్టి కోసినా ఫ్రేముకు అందే వెలుతురు ఒకటే.

ఇదే లెక్కని అమెరికా తీసుకెళ్లండి. అక్కడ 60 హెర్ట్జ్, సెకనుకు 120 మెరుపులు. 24తో భాగిస్తే శేషం సున్నా. కెమెరా వేగం కచ్చితంగా ఉంటే చాలు, 24 ఫ్రేముల్లో తీసేవాడు ఈ దీపాల కింద షట్టర్ గురించి ఆలోచించక్కర్లేదు. స్లో మోషన్‌కి వస్తే తేడా ఇంకా ముదురుతుంది. అక్కడ 120 ఫ్రేములు క్షేమం, ఫ్రేముకో మెరుపు చొప్పున సరిపోతుంది. ఇక్కడ అదే 120 పెడితే ఏ షట్టర్ యాంగిలూ కాపాడదు. మన మెరుపు పూర్తవడానికి సెకనులో వందో వంతు కావాలి, 120లో ఫ్రేముకు దక్కే మొత్తం కాలమే అంతకన్నా తక్కువ. మనకు క్షేమమైన అంకె 100. "వన్ ట్వంటీ సేఫ్ బ్రో" అని ఎవరో పరదేశి వీడియోలో చెప్పిన మాట పట్టుకుని మన వీధి దీపాల కింద పాటంతా తీసుకొచ్చిన వాళ్ల ఫుటేజీ చూసి రంగులు దిద్దే డీఐ రూములో తల పట్టుకున్న కలరిస్టులు నాకు తెలుసు.

ఆ వీడియోలో చెప్పిన అంకెలో తప్పేం లేదు. అంకె సముద్రం దాటి వచ్చింది, దానితోపాటు రావలసిన షరతు అక్కడే ఉండిపోయింది.

సినిమాటోగ్రాఫర్ల చేతి పుస్తకాల గురించి రాద్దామని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఆ మాన్యువళ్ల కాలం చెల్లిపోయిందని, అన్నీ ఫోన్‌లో ఉన్నాయని మా వాళ్లలో చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. ఆ పుస్తకాల్లో పట్టికలకన్నా విలువైనవి పట్టిక కింద చిన్నక్షరాల్లో రాసినవి: ఈ అంకె ఏ కరెంటుకి, ఏ షట్టర్‌కి, ఏ తెరకి, ఎంత ఎండకి అన్న షరతులు. మన షరతులు రాసిన పుస్తకం మనకు లేదు. అది తెలుగులో రావాలి. ఈ వ్యాసంలో నా వాదన ఇంతే, మిగతాదంతా దానికి సాక్ష్యం.

అసలు ఆ మాన్యువళ్లు ఎలా పుట్టాయో చూస్తే మనకెందుకు పుట్టలేదో కొంత అర్థమవుతుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్ 1919లో ఏర్పడింది. అది యూనియన్ కాదు, కెమెరాలమ్మే కంపెనీ కాదు, కాలేజీ అంతకన్నా కాదు. కెమెరా పట్టుకుని బతికేవాళ్లు పెట్టుకున్న సంఘం. 1920 నుంచి పత్రిక నడుపుతోంది. ఆ సంఘంవాడే జాక్సన్ రోజ్ అనే కెమెరామన్, 1935లో లెన్సుల పట్టికలు, ఫిల్టర్ల లెక్కలు, ఫిల్ము వేగాలు ఒకచోట కుట్టి ఒక చేతి పుస్తకం వేశాడు. అది దాదాపు ఇరవై ఏళ్లపాటు కూర్పు మీద కూర్పుగా వచ్చింది. 1960లో దాని చోట జోసెఫ్ మాసెల్లీ సంపాదకత్వంలో అమెరికన్ సినిమాటోగ్రాఫర్ మాన్యువల్ మొదలైంది. ఇప్పుడు పదకొండో కూర్పు నడుస్తోంది. చార్లెస్ క్లార్క్, స్టీఫెన్ బురమ్, మైకేల్ గోయ్, డేవిడ్ ముల్లెన్... సంపాదకుల్లో ఎక్కువమంది కెమెరా వెనక నిలబడి పనిచేసినవాళ్లే. ఒకరి అవకాశం ఇంకొకరు ఎగరేసుకుపోయే పోటీ ఉన్న ఊళ్లో, ఆ పోటీదారులే తమ లెక్కలు ఒకే పుస్తకంలో అచ్చు వేసుకున్నారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది ఇదే.

లండన్‌లో డేవిడ్ శామ్యూల్సన్ అని ఇంకొకాయన. కెమెరాలు అద్దెకిచ్చే కుటుంబం, కెమెరాని దూరం నుంచి నడిపే లూమా క్రేన్ తయారీలో చెయ్యున్న మనిషి. 1990లలో ఆయన వేసిన మాన్యువల్ పక్కా పనివాడి పుస్తకం. ఫలానా షాట్ తియ్యాలంటే ఏం లెక్క కావాలో నేరుగా అక్కడికే వెళ్తుంది. ఇంగ్లండుదీ 50 హెర్ట్జ్ కరెంటే కాబట్టి మన బాధ ఆయనకు పరాయిది కాదు. మన వైపు నేను చూసిన ఈ మాన్యువళ్లలో సగం జిరాక్సు కాపీలే. ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ తీసుకోగా తీసుకోగా పట్టికలో అంకెలు చదవడానికి వీలుండేది గానీ కింద ఉన్న చిన్నక్షరాలు మసకబారిపోయేవి. కావాలని కల్పించిన పోలిక కాదిది, నిజంగానే అలా ఉండేవి.

ఇక యాప్ సంగతి. నా ఫోన్‌లోనూ ఉంది, రోజూ వాడతాను. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (బొమ్మ ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా షార్పుగా ఉంటుందో ఆ చోటు) కోసం సెట్ మీద కాగితం, పెన్సిలు పట్టుకునే రోజులు పోయాయి, పోనివ్వండి. కానీ ఆ యాప్‌కి నాలుగు విషయాలు కావాలి, మనం చెప్పేది మూడు: లెన్సు, స్టాపు (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె), దూరం. నాలుగోది సర్కిల్ ఆఫ్ కన్ఫ్యూజన్. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉంటుంది, యాప్ చేసినవాడు ఏదో ఒకటి ముందే పెట్టి ఉంచుతాడు. ఒక చుక్క ఎంతవరకు ఉబ్బినా మన కంటికి చుక్కలాగే ఉంటుందో ఆ హద్దు అది. 35 ఎంఎం ఫిల్ముకి మాన్యువళ్లు పెట్టుకున్న హద్దు అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 0.025 మిల్లీమీటర్లు.

లెక్క వేసి చూద్దాం. 50 ఎంఎం లెన్సు, స్టాపు 2.8, ఆర్టిస్టు 10 అడుగుల్లో. 0.025 పెట్టుకుంటే 9 అడుగుల 3 అంగుళాల దగ్గర్నుంచి 10 అడుగుల 11 అంగుళాల దాకా షార్పు. 20 అంగుళాల పైచిలుకు చోటు. అదే హద్దుని సగానికి తగ్గించి 0.0125 అనుకుంటే 9 అడుగుల 7 అంగుళాల నుంచి 10 అడుగుల 5 అంగుళాల దాకా. చోటు 10 అంగుళాలకు పడిపోయింది. లెన్సు మారలేదు, స్టాపు మారలేదు, ఆర్టిస్టు కదల్లేదు. మారింది మనం చూడని సెట్టింగు ఒక్కటే. ఇందులో ఏది సరైనదంటే, బొమ్మ ఎక్కడ చూస్తారన్నదాన్ని బట్టి. ఓటీటీలో ఫోన్‌లో చూసేవాడికి మొదటిది ధారాళంగా సరిపోతుంది. ప్రసాద్స్‌లో పెద్ద తెర ముందు కూర్చున్నవాడికి రెండోదే దిక్కు. మంచి మాన్యువల్ ఈ హద్దు ఎంత పెట్టుకుందో పట్టిక నెత్తినే రాస్తుంది. లెక్క కట్టేటప్పుడు టీ నంబరు (గాజు దాటి నిజంగా వచ్చే వెలుతురు కొలత) కాకుండా ఎఫ్ నంబరు (లెన్సు తెరుచుకున్న కొలత) వాడమనీ చెప్తుంది, ఎందుకంటే ఎక్స్‌పోజరుకి టీ, డెప్త్‌కి ఎఫ్. పాత జూముల్లో ఈ రెంటికీ మధ్య తేడా బాగానే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పట్టిక చూసి ఫోకస్ లాగేవాడు ఫోకస్ పుల్లర్ (టేకు జరుగుతుండగా ఫోకస్ మార్చే అసిస్టెంటు) కాడు. అసలు పుల్లర్ చూసేది ఆర్టిస్టు భుజం ఎటు వాలుతోంది, డైలాగు చివర ఒక అడుగు ముందుకేస్తాడా అని. పట్టిక పని షాటుకు ముందే అయిపోతుంది. ఇద్దరు ఆర్టిస్టులు రెండున్నర అడుగుల తేడాలో నిలబడ్డారు, 2.8లో ఇద్దరూ రారు. "సార్, 4కి వెళ్తే 30 అంగుళాలు దొరుకుతుంది, ఒక స్టాపు లైటు పెంచుదామా" అని చీఫ్‌ని లైటింగ్ జరుగుతుండగానే అడగగలిగితే, అది లెక్క తెలిసిన అసిస్టెంటు. టేకు మధ్యలో "సార్, సాఫ్ట్ అయింది" అని చెప్పేవాడి లెక్క వేరు.

లెక్కకు కారణం తెలిస్తే ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి నాకు ఇష్టమైన పేజీ మినియేచర్లది. పౌరాణికాలు, జానపదాలు తీసిన నేల మనది, చిన్న కోటలు కట్టి పెద్దవిగా చూపించడం మన తాతల కాలం నుంచి ఉంది. ఈ పేజీలో సూత్రం ఒక్క వాక్యం: మోడల్ ఎన్నో వంతుంటే దాని వర్గమూలంతో 24ని గుణించండి. పదహారో వంతు కోటకి 4 రెట్లు, 96 ఫ్రేములు. నాలుగో వంతయితే 48. వర్గమూలం ఎందుకు? గురుత్వాకర్షణ వల్ల. 64 అడుగుల బురుజు మీద నుంచి రాయి నేలకు చేరడానికి 2 సెకన్లు పడుతుంది. అదే బురుజుని పదహారో వంతు చేస్తే 4 అడుగులు, అక్కణ్నుంచి రాయి అర సెకనులో పడిపోతుంది. ప్రేక్షకుడి కంటికి అది బొమ్మకోట అని పట్టించేది ఆ తొందరే. 96లో తీసి 24లో చూపిస్తే అర సెకను మళ్లీ 2 సెకన్లవుతుంది, రాయికి బరువొస్తుంది.

అంతా బాగుంది, కానీ ఈ సూత్రం కిందా చిన్నక్షరాలున్నాయి: నీళ్లకీ నిప్పుకీ ఇది అంతంతమాత్రం. కోటని పదహారో వంతు చెయ్యగలం గానీ నీటి బొట్టుని చెయ్యలేం. సముద్రంలో తుఫాను తియ్యాలని చిన్న తొట్టెలో పడవ పెట్టి ఎన్ని ఫ్రేములు పెంచినా, పడవ పక్కన గుమ్మడికాయంత బొట్లు ఎగురుతాయి. అందుకే నీళ్లున్న చోట మోడల్ వీలైనంత పెద్దది కట్టమంటారు. సూత్రం కంఠతా వచ్చినవాడు 96 పెట్టేసి చేతులు దులుపుకుంటాడు. కింది వాక్యం చదివినవాడు ఆర్ట్ డైరెక్టరుతో పోట్లాడి తొట్టె పెద్దది చేయిస్తాడు.

వెలుతురు లెక్క చూడండి. ఐఎస్‌ఓ (ఫిల్ము లేదా సెన్సారు వెలుతురుని పట్టే వేగం) 100కి, 24 ఫ్రేముల్లో 180 షట్టర్‌తో, టీ 2.8 కావాలంటే 100 ఫుట్ క్యాండిళ్ల వెలుతురు. ఫిల్ము రోజుల నుంచి ఉన్న సూత్రం, ఒకసారి వింటే మరిచిపోరు. ఐఎస్‌ఓ ఎన్ని రెట్లు పెరిగితే వెలుతురు అన్నో వంతు చాలు. 500 ఫిల్ముకి 20. అలెక్సా కెమెరా 800కి పన్నెండున్నర. మన మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు 10 వేల ఫుట్ క్యాండిళ్లు. అంటే కావలసినదానికి 800 రెట్లు, స్టాపుకి రెట్టింపు చొప్పున తొమ్మిదిన్నర స్టాపుల పైన. స్టాపుకి 0.3 చొప్పున ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టర్) 2.9 దాకా పెట్టాలి, లేదా స్టాపు దించాలి. ఇంతవరకు యాప్ చెప్తుంది. అంత బరువైన మామూలు ఎన్‌డీ వెలుతురుని ఆపినంతగా ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపదనీ, హీరో వేసుకున్న నల్ల కోటు మానిటర్‌లో ఇటుక రంగుకి తిరుగుతుందనీ, పాలియెస్టర్‌తో ఇది మరీ ఎక్కువనీ, దానికి ఐఆర్ కూడా ఆపే ఎన్‌డీలు వేరే ఉంటాయనీ చెప్పేది పుస్తకం. కాస్ట్యూమ్ వాళ్లతో జరిగే గొడవల్లో కొన్ని నిజానికి ఫిల్టర్ గొడవలు.

ఫిల్ము పరుగు పట్టికలు, అంటే నిమిషానికి 90 అడుగులు, వెయ్యి అడుగుల రోలు 11 నిమిషాల ఏడు సెకన్లు, ఇవి ఇప్పుడు చరిత్ర. ముచ్చటే గానీ వాటి కోసం కన్నీళ్లు పెట్టుకోను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇంగ్లీషులో ఇన్ని పుస్తకాలుండగా మళ్లీ మనకొకటెందుకు? వాటిలో 50 హెర్ట్జ్ పట్టిక కూడా ఉంటుంది కదా? ఉంటుంది. కానీ మన షరతులు 50 హెర్ట్జ్‌తో అయిపోవు.

మొదట కరెంటే తీసుకోండి. 10 కిలోవాట్ల టంగ్‌స్టన్ లైటు అమెరికాలో 120 వోల్టుల మీద 83 ఆంపియర్లు లాగుతుంది. మన 230 మీద 43 చాలు. వాళ్ల కేబుళ్ల పట్టిక వాళ్ల గేజుల్లో ఉంటుంది, మనకు దొరికేది చదరపు మిల్లీమీటర్లలో. మన లైట్‌మేన్లు ఏ కేబులు ఏ లైటుకో చేత్తో పట్టుకుని చూసి చెప్పేస్తారు, చాలాసార్లు సరిగ్గానే చెప్తారు. వానలో రాత్రి షూటింగ్ జరుగుతున్నప్పుడు "చాలాసార్లు" అనే మాట నాకు చాలదు.

తర్వాత జెనరేటర్. పెద్ద హెచ్‌ఎంఐ స్ట్రైక్ చేసినప్పుడు, అంటే వెలిగించగానే, హెర్ట్జ్ ముల్లు ఒక్కసారి కిందకి జారి మళ్లీ లేస్తుంది. ఎంత జారితే పైన చెప్పిన మెరుపు లెక్కలో అంత ముక్క మిగులుతుంది. గ్రిడ్‌దీ ఒకప్పుడు ఇదే కథ. ఇప్పుడు 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నియమం. మన దక్షిణాది గ్రిడ్ దేశంలో మిగతాదాంతో కలిసింది 2013 డిసెంబరు 31న. అంతకు ముందు, కరెంటు కొరత రోజుల్లో 49 కిందకి జారడం ఎరిగినదే. తమాషా ఏమిటంటే సరిగ్గా 48కి పడితే మాత్రం 24 ఫ్రేములవాడికి పండగే. 96 మెరుపులు, శేషం సున్నా. కరెంటు బాగున్న రోజు ఫ్లికర్, బాగా లేని రోజు సుఖం! ఇలాంటి షరతు కాలిఫోర్నియాలో కూర్చున్నవాడి ఊహకు రాదు, రానక్కర్లేదు కూడా.

ఎల్‌ఈడీలు వచ్చాక ఈ లెక్కంతా మళ్లీ చెదిరింది. మంచి సినిమా లైట్లతో సమస్య లేదు. జాతరలో కట్టిన సీరియల్ బల్బులు, పెళ్లి మండపం తోరణాలు, టీ కొట్టు బోర్డు, వీటిలో ఒక్కొక్కదాని డ్రైవరుకి ఒక్కో వేగం. 50తో దానికి సంబంధం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దీనికి పట్టిక వెయ్యడం ఎవరి తరమూ కాదు. కానీ పద్ధతి రాయొచ్చు: లొకేషన్ చూడ్డానికి వెళ్లిన రాత్రే కెమెరా తీసుకెళ్లి, అక్కడున్న ప్రతి రకం లైటు మీద షట్టర్‌ని మెల్లగా తిప్పుతూ మానిటర్‌లో ఫ్లికర్ పట్టీలు ఎక్కడ ఆగుతున్నాయో రాసుకోవాలి, తర్వాత తీయబోయే స్లో మోషన్ వేగంలో అదే మళ్లీ చెయ్యాలి, డిమ్మరు ఉంటే తగ్గించీ పెంచీ చూడాలి, ఎందుకంటే చాలా ఎల్‌ఈడీలు తగ్గించినప్పుడే వెర్రెత్తుతాయి. ఆ రాసుకున్న కాగితం ఆ ఊరి తీర్థం రోజు మాన్యువల్ కన్నా ఎక్కువ.

తేమ గురించి ఇంగ్లీషు పుస్తకాల్లో చలిదేశం జాగ్రత్తలే ఎక్కువ. మనది తిరగేసిన కథ. విశాఖలో హోటలు ఏసీ గదిలో రాత్రంతా చల్లబడ్డ లెన్సుని ఉదయం తీరానికి తెచ్చి కేసు మూత తెరిస్తే గాజు మీద మంచు కమ్మేస్తుంది. తుడిచేకొద్దీ కమ్ముతుంది. మూసిన కేసుతోనే బయట వేడికి అలవాటు పడనివ్వాలి, ఎంతసేపన్నది కేసు మందాన్ని బట్టి. కోస్తాలో పనిచేసే ప్రతి అసిస్టెంటుకీ ఇది తెలుసు, ఎక్కడా రాసి లేదు. థర్మోకోల్ సంగతీ అంతే. మన సెట్ల మీద మెత్తటి వెలుతురుకి అంత చవగ్గా, అంత బాగా పనికొచ్చే సరుకు ఇంకోటి లేదు. నాలుగడుగుల థర్మోకోల్ మీద ఫలానా లైటు ఫలానా దూరం నుంచి కొడితే మొహం మీద ఎన్ని ఫుట్ క్యాండిళ్లు వస్తాయో ఒక మధ్యాహ్నం కూర్చుంటే పట్టిక అయిపోతుంది. సత్యజిత్ రే కెమెరామన్ సుబ్రతా మిత్ర 'అపరాజితో' కోసం స్టూడియోలో కట్టిన కాశీ ఇంట్లోకి తెల్లటి గుడ్డ మీద నుంచి వెలుతురు కొట్టి ఆకాశపు వెలుగు తెచ్చింది 1956లో. ఆ ఆలోచనకు వారసులమై ఉండి కూడా దాని లెక్క మనం రాసుకోలేదు.

మార్కస్ బార్ట్లీ పేరు చెప్పగానే మనవాళ్లందరికీ 'మాయాబజార్' వెన్నెల గుర్తొస్తుంది. అరవై ఏళ్లు దాటినా ఆ వెన్నెల గురించి ఒళ్లు పులకరించేలా మాట్లాడుకుంటాం, స్టాపుల్లో మాత్రం మాట్లాడుకోం. బ్లాక్ అండ్ వైట్‌లో పగటిని రాత్రి చెయ్యడం గురించి అమెరికా మాన్యువల్లో సూటిగా ఉంటుంది: 23ఏ ఎరుపు, 56 ఆకుపచ్చ ఫిల్టర్లు కలిపి వాడండి, ఎరుపు నీలాకాశాన్ని చీకటి చేస్తుంది, ఆకుపచ్చ మొహాలు సున్నం కొట్టినట్టు కాకుండా ఆపుతుంది. రెండే వాక్యాలు. అవి అచ్చులో ఉన్నందువల్ల డెబ్బయ్యేళ్ల తర్వాత పుట్టినవాడు కూడా అక్కణ్నుంచి మొదలుపెట్టగలడు. మనవాడు ప్రతిసారీ మొదటి మెట్టు దగ్గరే మొదలవుతాడు.

దీనికి అడ్డంగా వచ్చే వాదనలు నాకు తెలుసు. మొదటిది, చదివేదెవరు? కృష్ణానగర్‌లో గదుల్లో ఉండి అసిస్టెంట్లుగా తిరిగే కుర్రాళ్లని ఒకసారి దగ్గరగా చూడండి. జిల్లాల నుంచి వస్తారు, తెలుగు గడగడా చదువుతారు, ఫోన్‌లో ఇంత పొడుగు కథలు చదువుతారు. ఇంగ్లీషు మాన్యువల్లో అంకెలు వాళ్లకి అర్థమవుతాయి. అర్థం కానివి సరిగ్గా ఆ కింది చిన్నక్షరాలే, ఎందుకంటే అవి వాక్యాలు. "అన్లెస్" అనే ఒక్క మాట తప్పిపోతే పట్టిక అంతా తలకిందులవుతుంది. లెన్సుని లెన్సనీ షట్టర్ని షట్టరనీ అలాగే ఉంచి, వాక్యం మాత్రం వాడి వాక్యంలా ఉంటే చాలు.

రెండోది, పెద్దలు చెప్పరు. ఇది కొంత నిజం. విద్య చెప్తే చేజారిపోతుందని భయపడే గురువుల కింద పనిచేశాను, అడక్కుండానే కూర్చోబెట్టి చెప్పినవాళ్ల కిందా పనిచేశాను. మొదటి రకం వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. రేపటి పని గ్యారంటీ లేనివాడు ఇవాళ్టి కిటుకు దాచుకుంటాడు. కానీ మాన్యువల్లో రాసేవి కిటుకులు కావు. వెన్నెల ఎక్కడ పెట్టాలన్నది ఆయన సొత్తు, అది ఆయన దగ్గరే ఉండనివ్వండి. గురుత్వాకర్షణా, వోల్టేజీ ఎవరి సొత్తూ కాదు.

మూడోదే నన్ను నిజంగా ఆలోచింపజేసింది: అచ్చయ్యేలోపు పాతబడిపోతుంది. అమెరికా మాన్యువల్ ఈ మధ్య కూర్పుల బరువు చూస్తే ఇందులో నిజముందనిపిస్తుంది. మొదట్లో కోటు జేబులో పట్టిన పుస్తకం ఇప్పుడు సంచీలో మోసుకెళ్లేదయింది. కొంత కారణం కెమెరా బాడీల వర్ణనలు. ఏ మోడల్‌కి ఎన్ని స్టాపుల లాటిట్యూడ్, ఏ కార్డు ఎన్ని నిమిషాలు, మెనూలో ఏం ఎక్కడుంది, ఇవన్నీ రెండేళ్లలో చెత్తబుట్టకి పోయేవి. వాటి కోసం కంపెనీ వెబ్‌సైట్లున్నాయి. మారనివి వేరే ఉన్నాయి. లెన్సు బిగించే పీఎల్ మౌంటు నుంచి సెన్సారుకి 52 మిల్లీమీటర్లు, అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా వైడ్ లెన్సు మీద మార్కులు అబద్ధం చెప్తాయి. నీళ్లలో వస్తువు అసలు దూరంలో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. పాన్ చేసేటప్పుడు ఒక వస్తువు ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకి ఏడు సెకన్ల కన్నా త్వరగా దాటితే జెర్కు కొడుతుంది. ఇవి మా తాత కెమెరాకీ ఇవే, మనవడి కెమెరాకీ ఇవే.

నా మటుకు నేను అనుకునే పుస్తకం నూట యాభై పేజీలు దాటకూడదు. తడిసినా పాడవని కాగితం మీద ఉండాలి. దూరాలు మన టేపులో ఉన్నట్టే అడుగులు, అంగుళాల్లో ఉండాలి. మొదటి అధ్యాయం కెమెరాది కాకూడదు, కరెంటుది కావాలి, దాన్ని లైట్‌మేన్లతో, జెనరేటర్ ఆపరేటర్లతో కూర్చుని రాయించాలి, వాళ్ల పేర్లు రచయితలుగా వెయ్యాలి. తర్వాత వెలుతురు, లెన్సులు, వేగాలు, వాతావరణం. ప్రతి పట్టిక నెత్తిన షరతు, పట్టిక ఉన్నంత సైజు అక్షరాల్లో. కెమెరా మోడల్ పేరు మాత్రం ఒక్కటీ ఉండకూడదంటాను. ఇక్కడే మా వాళ్లతో పేచీ. కనీసం అలెక్సా, వెనిస్ రెండింటి బేస్ ఐఎస్‌ఓలైనా వెయ్యాలని ఒక మిత్రుడి పట్టు. వెనిస్‌కి 500, 2500 అని ఒక్క గీతలో వచ్చేస్తుంది, దానికేం నష్టమంటాడు. ఆ ఒక్క గీత ఒప్పుకుంటే రేపు ఇరవై పేజీలు ఒప్పుకోవాలంటాను నేను. కరెంటు అధ్యాయం కోసం మాత్రం ఇద్దరం కలిసి జెనరేటర్ వ్యాన్లవాళ్లని అడగడం మొదలుపెట్టాం. ఏ లైటు వెయ్యగానే హెర్ట్జ్ ముల్లు ఎక్కడికి జారుతుందో చూసి రాసి పంపగలిగినవాళ్లు కామెంట్లలో చెప్పండి, వ్యాన్ కెపాసిటీ, లైటు వాట్లు, కేబుల్ పొడవు మాత్రం మరిచిపోకుండా రాయండి.